చేతులుంచే ముందు: కాపరి, పెద్దల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద వచ్చాయి. సంఘానికి ఎవరిని పెట్టుకోవాలి, ఎలా పెట్టుకోవాలి, పెట్టుకున్నాక తేడా వస్తే ఏం చేయాలి. కనిగిరి, కావలి, పొదిలి, ఒంగోలు, నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చినవాటిలో కొన్ని ఇక్కడ ఇస్తున్నాం. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, కథోలిక సంఘాల్లో గురువుల నియామకానికి వాళ్ల నిబంధనలు వాళ్లకున్నాయి. ఈ జవాబులు ముఖ్యంగా కాపరిని, పెద్దలను తామే ఎంచుకునే బాప్తిస్టు సంఘాలకు, స్వతంత్ర సంఘాలకు ఉద్దేశించినవి.

ప్రశ్న: మా పాస్టరుగారు చాలా ఏళ్లు సేవ చేసి నిరుడు ప్రభువునందు నిద్రించారు. ఆయన కుమారుడు ఈ మధ్యే బైబిలు కాలేజీ చదువు ముగించి వచ్చాడు. సగం మంది ‘అయ్యగారి బిడ్డే మాకు కాపరి’ అంటున్నారు. మిగతా సగం ‘సంఘమేమన్నా వారసత్వపు ఆస్తా?’ అంటున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక గొడవ పడకుండా ఇళ్లకు వెళ్లడం లేదు. దారి చెప్పండి.
— సంఘ కార్యదర్శి, కనిగిరి ప్రాంతం

జవాబు: ముందుగా ఆ అబ్బాయి పేరు మీద చర్చ ఆపండి. పేరు ముందు పెట్టుకుని అర్హతలు తర్వాత మాట్లాడితే, ఇష్టమున్నవాళ్లు ఆ పేరుకు తగ్గట్టు అర్హతలు చెబుతారు, ఇష్టం లేనివాళ్లు తగనట్టు చెబుతారు.

కాపరి లేకుండా సంఘం ఉండకూడదన్న భయమే తొందరకు మూలం. అందుకని ఆరు నెలలకు తాత్కాలిక ఏర్పాటు చేసుకోండి. పొరుగు సంఘ కాపరి ఒకరు నెలకోసారి వచ్చి ప్రభురాత్రి భోజనం ఇస్తారు. మిగతా ఆదివారాలు పెద్దలు వంతులవారీగా వాక్యం చెబుతారు. అలా వచ్చే కాపరి మీ సంఘ కాపరి పదవికి అభ్యర్థి కాడని ముందే మినిట్స్‌లో రాయండి. లేకపోతే మూడో వర్గం పుడుతుంది.

తర్వాత సర్వసభ్య సమావేశం పెట్టి ఐదుగురితోనో ఏడుగురితోనో ఎంపిక కమిటీ వేయండి. కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. పాస్టరుగారి కుటుంబంతో బంధుత్వం ఉన్నవాళ్లు, ఆ కుటుంబంతో తగాదా ఉన్నవాళ్లు, ఇద్దరూ వద్దు. కమిటీ మొదటి పని, కాపరి చేయవలసిన పనులను ఒక పేజీలో రాయడం: ఎన్ని పల్లెలు తిరగాలి, వారానికి ఎన్ని కూడికలు, సండే స్కూలు ఎవరిది, లెక్కలు ఎవరివి, జీతమెంత, ఇల్లెక్కడ.

అర్హతలకు 1 తిమోతి 3, తీతు 1 అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. అధ్యక్షునికి (అంటే సంఘ కాపరికి) చెప్పినవాటిలో ‘బోధింపతగినవాడు’ అన్నదొక్కటే నేర్పుకు సంబంధించినది. మిగతావన్నీ నడవడి, ఇల్లు, పేరు. మన సంఘాల్లో జరిగేది దీనికి తలకిందులు. గొంతు బాగుంటే, పాట ఎత్తుకోగలిగితే, మైకులో గంటసేపు మాట్లాడగలిగితే చాలనుకుంటాం. ఆ మిగతావాటిని ప్రసంగ వేదిక ముందు కూర్చుని తెలుసుకోలేం, వీధిలోకి వెళ్లాలి. ‘సంఘమునకు వెలుపటివారి’ సాక్ష్యం కావాలని పౌలు రాసింది ఇందుకే.

కమిటీలో ఇద్దరు ఆ అభ్యర్థి ఉండే ఊరు వెళ్లండి. కిరాణా కొట్లో ఖాతా ఎంతుంది, ఎన్ని నెలలది? చీటీ పాడుకుని మిగతా వాయిదాలు కట్టాడా? ఎవరి దగ్గరైనా కౌలుకో కూలికో మాట ఇచ్చి తప్పాడా? ఇరుగుపొరుగులో క్రైస్తవులు కాని ఇద్దరు ముగ్గురిని అడగండి. ‘మీ పక్కింటాయన ఎట్లాంటివాడు?’ అంటే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. స్త్రీల సమాజం నుంచి ఒక పెద్దావిడ ఆయన భార్యతో విడిగా మాట్లాడాలి. ఇంట్లో కోపం వస్తే ఏం జరుగుతుంది, ఈ పనికి ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్నదా అని. చదివిన కాలేజీకి ఉత్తరం రాసి మార్కుల సంగతి కాకుండా నడవడి గురించి, సెలవుల్లో సేవకు పంపిన సంఘం గురించి అడగండి. ఆ సంఘానికి ఫోన్ చేయండి. సర్టిఫికెట్టు చూసి ఊరుకునే కమిటీలే ఎక్కువ.

ఇక వారసత్వం. కాపరి కొడుకు కావడం యోగ్యతా కాదు, దోషమూ కాదు. సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా పెడితే వాళ్లు లంచాలు తీసుకున్నారు (1 సమూయేలు 8). మరోవైపు తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి, తల్లి యునీకే నుంచి వచ్చింది. అయినా పౌలు ఆ ఇంటి పేరు చూసి వెంట తీసుకెళ్లలేదు. లుస్త్రలో, ఈకొనియలో ఉన్న సహోదరులు మంచి పేరు చెప్పాకనే తీసుకెళ్లాడు (అపొస్తలుల కార్యములు 16:2). సొంత ఊరొక్కటే కాదు, పక్క ఊరి సాక్ష్యం కూడా ఉంది. మీ అబ్బాయికీ అదే కొలత పెట్టండి. వేరే సంఘంలో, వేరే కాపరి కింద కనీసం రెండేళ్లు సహాయకుడిగా పని చేయనివ్వండి. ఆ తర్వాత అందరిలాగే అభ్యర్థిగా రావచ్చు. నాన్నగారిని చూసిన కళ్లతోనే తనను చూసే ఊళ్లో అతడు మొదటి తప్పులు చేసి నేర్చుకోలేడు. ఇది అతని మేలు కోరి చెబుతున్న మాట.

ఇలాంటి గొడవల్లో పైకి కనిపించనివి రెండుంటాయి. ఒకటి పాస్టరమ్మగారి బతుకు. కొడుకు కాపరి కాకపోతే ఆమె మందిరం పక్కనున్న ఇల్లు ఖాళీ చేయాలి. ‘అయ్యగారి బిడ్డే కావాలి’ అనేవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది ఇదే. దీన్ని కాపరి ఎంపికతో కలపకుండా వేరే తీర్మానంగా పెట్టండి: ఆమెకు ఉండడానికి ఇల్లు, నెలకు ఇంత, ఎన్నాళ్లు. ఈ తీర్మానం ముందు చేసి, మొదటి నెల డబ్బు చేతికిచ్చి, అప్పుడు ఎంపిక మాట ఎత్తండి. సగం వేడి తగ్గుతుంది. రెండోది మందిరం స్థలం. దస్తావేజు బయటికి తీసి ఎవరి పేర రిజిస్టరయిందో చూడండి. పాస్టరుగారి సొంత పేర ఉంటే చట్టప్రకారం అది ఆయన వారసులకు పోతుంది. వకీలును కలిసి సంఘం పేర మార్పించుకోవాలి. స్థలం కోసం పదవి ఇచ్చే బేరం మాత్రం చేయకండి.

ఓటింగు విషయం. ఇద్దరిని పోటీ పెట్టకండి. కమిటీ ఒక్క పేరు తెస్తుంది, సంఘం ‘పిలుద్దాం’, ‘వద్దు’ అని చీటీ వేస్తుంది. వద్దంటే కమిటీ ఇంకొకరిని వెతుకుతుంది. ఇద్దరిని నిలబెడితే ఓడినవారి పక్షం ఆ మందిరంలోనే మిగిలిపోతుంది. మూడింట రెండొంతులు కావాలా, నాలుగింట మూడొంతులు కావాలా అన్నది చీటీలు పంచకముందే రాసిపెట్టుకోండి. సగం కంటే పదిమంది ఎక్కువ వచ్చారని పిలిస్తే, వచ్చిన కాపరి మొదటి ఏడాదంతా ఆ వ్యతిరేకుల ఇళ్ల చుట్టూనే తిరగాల్సి వస్తుంది.

ప్రశ్న: మాది రెండు పాలేల సంఘం. డీకన్ల (సంఘ పరిచారకుల) ఎన్నిక వచ్చినప్పుడల్లా పెద్ద పాలెంవాళ్లే అన్నీ తీసుకుంటున్నారు. పైగా ఎన్నికకు ముందు నెలలో, ఎప్పుడూ గుడి మెట్లెక్కనివాళ్లు కూడా బాప్తిస్మం తీసుకుని ఓటుకు వస్తున్నారు.
— ఒక సభ్యురాలు, కావలి

జవాబు: రెండోదానికి మందు సులువు. ఎన్నిక తేదీకి మూడు నెలల ముందు సభ్యుల రిజిస్టరు మూసేసి, జాబితా మందిరం గోడకు అంటించండి. ఆ తర్వాత బాప్తిస్మం తీసుకున్నవాళ్లు సంతోషంగా ప్రభురాత్రి భోజనంలో పాలుపంచుకుంటారు, ఓటు మాత్రం వచ్చే ఎన్నికకు.

మొదటిది లోతైనది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ చదవండి. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచే పనిలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అప్పుడు ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసయితే యూదుల మతంలో చేరిన అంతియొకయవాడు. ఎక్కువమంది బాధపడ్డ పక్షం వాళ్లుగానే కనిపించే ఈ ఏడుగురి చేతికే పని అప్పగించడానికి ఆ పెద్ద సంఘం వెనుకాడలేదు.

పాలేనికి ఇన్ని సీట్లని శాశ్వతంగా పంచుకోవడం మాకు నచ్చదు. అలా చేస్తే సంఘంలో కూడా పాలెమే మనిషికి గుర్తింపవుతుంది. దానికంటే నామినేషను చీటీ మార్చండి. ఒక్కొక్కరు మూడు పేర్లు రాయాలి. అందులో ఒకటైనా తన పాలెం కాని, తన బంధువు కాని పేరయి ఉండాలి. ప్రతి పేరు పక్కన ఆ మనిషి ఇప్పటికే సంఘంలో చేస్తున్న పని రాయాలి. పని రాయలేని పేరు చెల్లదు. రోగుల దగ్గరికి వెళ్లే మనిషి, చావు ఇంట్లో ముందు నిలబడే మనిషి, ఆదివారం తెల్లవారే వచ్చి చాపలు పరిచే మనిషి, ఇలాంటి పేర్లు అప్పుడే బయటికి వస్తాయి.

డీకన్లు తొమ్మిదిమంది ఉంటే ఏటా ముగ్గురు దిగి ముగ్గురు ఎక్కేట్టు మూడేళ్ల గడువు పెట్టండి. వరసగా రెండు గడువులు చేసినవాళ్లు ఒక ఏడాది ఆగాలి. ఒకేసారి తొమ్మిదిమందినీ మార్చే సంఘాల్లోనే ముఠాలు కడతారు, ఎందుకంటే గెలిస్తే అంతా దక్కుతుంది. కార్యదర్శి, కోశాధికారి ఒకే ఇంటివాళ్లు కాకూడదు. కానుకలు ఆదివారమే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు చేయాలి. మీది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద రిజిస్టరయిన సంఘమైతే, కొత్త కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రారుకు పంపాలి. ఇది మానేస్తే, రేపు గొడవ వచ్చిన రోజున అసలు కమిటీ ఏదో రుజువు చేసుకోలేక కోర్టు గుమ్మం ఎక్కుతారు.

ప్రశ్న: మా ఊళ్లో వ్యాపారం చేసే ఒకాయన ఎనిమిది నెలల క్రితం బాప్తిస్మం పొందారు. మందిరం స్లాబు ఖర్చు చాలావరకు ఆయనే పెట్టుకున్నారు. ఇప్పుడు తనను సంఘ పెద్దగా నియమించమని అడుగుతున్నారు. కాదంటే దూరమైపోతారేమోనని భయం.
— సంఘ పెద్ద, పొదిలి

జవాబు: ఇప్పుడు కాదు. ‘క్రొత్తగా చేరినవాడైయుండకూడదు’ అన్న 1 తిమోతి 3:6లో కారణం కూడా ఉంది: గర్వాంధుడవుతాడని. అంటే ఈ ఆజ్ఞ సంఘాన్ని ఎంత కాపాడుతుందో ఆయనను కూడా అంతే కాపాడుతుంది. ఇన్ని నెలలని లేఖనంలో లేదు. మా సలహా రెండు, మూడేళ్లు.

మన జిల్లాల చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. పని దగ్గర బోధకులు వాక్యం చెప్పారు, చాలామంది బాప్తిస్మం అడిగారు. సహాయం జరుగుతున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూలికోసం వచ్చింది ఎవరో, విశ్వాసంతో వచ్చింది ఎవరో తేలాలని ఆగాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ నిరీక్షణ తర్వాతే. సభ్యత్వానికే అంతగా ఆగారు. పెద్దరికానికి ఆగడం తప్పెలా అవుతుంది?

చెప్పే తీరు ముఖ్యం. ఆదివారం జనం మధ్య గుడి వాకిట్లో చెప్పకండి. ఇద్దరు పెద్దలు ఆయన ఇంటికి వెళ్లండి. స్లాబు డబ్బుకు రసీదు, కృతజ్ఞతా పత్రం ఇచ్చి ఆ మాట అక్కడితో ముగించండి. తర్వాత పెద్దరికం సంగతి వేరుగా, సూటిగా చెప్పండి. వెంటనే ఒక పని అప్పగించండి, బోర్డు మీద పేరుండని పని: నెలకు రెండుసార్లు ఆస్పత్రిలో రోగులను చూడడం, చదువుకునే పిల్లల ఫీజుల కోసం తిరగడం. ఏడాది గడిచేసరికి ఆయన మనసు ఆయనకే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. డబ్బు తిరిగిమ్మంటే వాయిదాల్లో ఇచ్చేయండి. కష్టమే, కానీ కొన్న పెద్దరికాన్ని తర్వాత దించడం అంతకంటే కష్టం.

ప్రశ్న: మా సంఘంలో మూడేళ్లుగా సువార్త పని చేస్తున్న సహోదరుణ్ణి కాపరిగా అభిషేకించాలని తీర్మానించాం. బయటినుంచి ఒక బిషప్పుగారు వచ్చి ఒక్కరోజులో ఆర్డినేషన్ చేసి సర్టిఫికెట్టు ఇస్తామని, దానికి కొంత మొత్తం కట్టమని అంటున్నారు. మంచిదేనా? ఆరాధన ఎలా జరపాలి?
— డీకన్, ఒంగోలు

జవాబు: సర్టిఫికెట్టుకు రేటు చెప్పినవారిని పిలవకండి. దారి ఖర్చులు ఇవ్వడం, ప్రేమతో కానుక ఇవ్వడం వేరు. తలమీద చేతులుంచి సేవకు ప్రతిష్ఠించినందుకు వెల కట్టడం వేరు. అపొస్తలుల కార్యములు 8లో చేతులుంచే అధికారం కొనడానికే సీమోను ద్రవ్యం తెచ్చాడు, నీ ద్రవ్యం నీతోపాటే నశించుగాక అని పేతురు గద్దించాడు. మీ సహోదరుని గురించి ఏమీ తెలియని మనిషి ఆయన మీద చేతులుంచితే, దానికి సాక్ష్యం విలువ ఏముంటుంది?

బాప్తిస్టు సంఘాల పాత పద్ధతి మంచిది, స్వతంత్ర సంఘాలు కూడా వాడుకోవచ్చు. చుట్టుపక్కల ఐదారు సంఘాలకు నెల ముందు ఉత్తరం రాయండి. ఒక్కో సంఘం నుంచి కాపరి, ఒక సభ్యుడు రావాలి. ఇదే పరీక్ష సభ. అభ్యర్థి నాలుగైదు పేజీల్లో తన రక్షణ సాక్ష్యం, సేవకు పిలుపు, విశ్వాస ప్రకటన రాసి ఉత్తరంతో పాటే పంపాలి. సభ రోజు ఒక అధ్యక్షుణ్ణి, రాతగాణ్ణి ఎన్నుకోండి. అభ్యర్థి తను రాసింది చదువుతాడు, తర్వాత రెండు గంటలైనా ప్రశ్నలు జరగాలి. దేవుడు, క్రీస్తు, రక్షణ, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం గురించి అడగడం ఎటూ ఉంటుంది. వాటితో ఆగకండి. ‘రోగి మందులు మానేస్తానంటే ఏం చెబుతారు?’ ‘ప్రార్థన చేసినా స్వస్థత రాకపోతే ఆ ఇంటివాళ్లకు ఏం చెబుతారు?’ ‘ఒంటరి స్త్రీ కౌన్సిలింగుకు వస్తే ఎక్కడ, ఎవరి ముందు మాట్లాడతారు?’ ‘ఈ రోజుకు మీకు అప్పెంత?’ ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులు వేదాంతం జవాబులకంటే ఎక్కువ చెబుతాయి. తర్వాత అభ్యర్థిని బయటికి పంపి సభ చర్చించాలి. జవాబు మూడు రకాలుగా ఉండవచ్చు: అవును, కాదు, ఏడాది ఆగండి.

ఎక్కువ సంఘాలు చెడగొట్టుకునేది ఇక్కడే. ఉదయం పరీక్ష సభ, సాయంత్రం అభిషేకం పెడతారు. అప్పటికే రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టి ఉంటుంది, కరపత్రాలు పంచేసి ఉంటారు, వెనక పెరట్లో బిరియానీ దిగుతూ ఉంటుంది, అత్తగారి ఊరినుంచి ఆటోల్లో జనం వచ్చి ఉంటారు. ఆ స్థితిలో ‘ఏడాది ఆగండి’ అనే ధైర్యం ఏ కాపరికీ ఉండదు. పరీక్ష సభకు, అభిషేకానికి మధ్య కనీసం నాలుగు వారాలు ఉంచండి. సభ ఒప్పుకున్నాకే కరపత్రం అచ్చువేయండి. ‘త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము’ అన్న మాటను పాటించాలంటే క్యాలెండరులోనే చోటు పెట్టాలి.

అభిషేకానికి ముందురోజు ఉపవాస ప్రార్థన పెట్టుకోండి. ఆరాధన గంటన్నర, రెండు గంటలు చాలు. పాట, వాక్య పఠనం, పరీక్ష సభ నివేదిక చదవడం, ప్రసంగం. తర్వాత అభ్యర్థిని ప్రశ్నలడిగి మాట తీసుకోవాలి. అంతే ముఖ్యంగా సంఘాన్ని నిలబెట్టి ‘ఈయనను కాపరిగా స్వీకరిస్తారా, ఆయన జీవనాన్ని భరిస్తారా?’ అని అడగాలి. ఈ రెండో ప్రశ్నను చాలాచోట్ల వదిలేస్తారు. అప్పుడు అభ్యర్థి మోకరిస్తాడు, అభిషేకం పొందిన కాపరులు, సంఘ పెద్దలు చేతులుంచుతారు. ఐదుగురో ఏడుగురో చాలు, ప్రార్థన ఒక్కరే చేయాలి. వేదిక మీదున్న ముఖ్య అతిథులందరూ ఎగబడితే కింద మోకరించినాయనకు ఊపిరాడదు, ఏం ప్రార్థించారో ఎవరికీ వినిపించదు. ఆ తర్వాత కాపరికి హితవు, సంఘానికి హితవు, కుడిచేతి సహవాసం (కుడిచేయి కలిపి కొత్త కాపరిని చేర్చుకోవడం). ఆశీర్వాదం కొత్త కాపరి చెప్పాలి. ధ్రువపత్రంలో సంఘం పేరు, తీర్మానం తేదీ, పరీక్ష సభ తేదీ, సభ్యుల సంతకాలు ఉండాలి. ఒక ప్రతి సంఘం బీరువాలో ఉంచండి.

ఒక హెచ్చరిక. అభిషేకం అయినంత మాత్రాన స్వతంత్ర సంఘ కాపరికి పెళ్లిళ్లు చేసే చట్టపరమైన అధికారం రాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. అధికారం లేకుండా ఆ చట్టం కింద పెళ్లి జరిపిస్తే పదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. లైసెన్సు వచ్చేదాకా లైసెన్సున్న కాపరిని పిలిపించుకోండి. కాపరి సంతకం చెల్లక వివాహ ధ్రువపత్రం దొరకని ఆడపిల్లలు ఎంత ఇబ్బంది పడతారో ఆలోచించండి.

ప్రశ్న: స్త్రీని డీకన్‌గా పెట్టుకోవచ్చా?
— స్త్రీల సమాజం సభ్యురాలు, నెల్లూరు

జవాబు: మీ సంఘ నియమావళి ఏమంటుందో ముందు చూడండి. రోమా 16:1లో ఫీబేను కెంక్రేయ సంఘ పరిచారకురాలని పౌలు రాశాడు. సి.ఎస్.ఐ. 1970లలోనే స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని సంఘాలు స్త్రీలను డీకన్లుగా తీసుకుంటాయి, కాపరులుగా తీసుకోవు. నెల్లూరు, ఒంగోలు మిషను కాలంలో మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి బైబిలు స్త్రీలు వెళ్లి వాక్యం చెప్పారు. మా అభిప్రాయంలో డీకన్ల పనిలో సగం, రోగులు, విధవరాండ్రు, పసిబిడ్డలున్న ఇళ్లు, స్త్రీలు చేస్తేనే సరిగ్గా జరుగుతుంది. ఎలాగూ చేస్తున్నారు కాబట్టి, కమిటీలో కూర్చునే హక్కు, ఓటు కూడా ఇవ్వండి.

ప్రశ్న: మా పెద్దల్లో ఒకరి మీద ఆరోపణ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆయన కాదంటున్నారు. ఏం చేయాలి?
— గూడూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆరోపణ పిల్లల మీద జరిగిన లైంగిక నేరమైతే సంఘ విచారణ కోసం ఆగకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. మిగతా వాటికి 1 తిమోతి 5:19 చెప్పినట్టు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి. వాట్సాప్ మెసేజి సాక్షి కాదు. చెప్పేవాళ్లు పేరుతో, సంతకంతో రాసివ్వాలి. ఇవ్వడానికి భయపడే బలహీనులుంటే కమిటీలో ఒకరు, వీలైతే స్త్రీ, వాళ్ల ఇంటికి వెళ్లి రాసుకురావాలి. విచారణకు ముగ్గురిని వేయండి, అందులో ఒకరు పొరుగు సంఘం వారైతే మేలు. గడువు నెల రోజులు. అప్పటిదాకా ఆ పెద్ద ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గర, డబ్బు దగ్గర ఉండకుండా పక్కన కూర్చోవాలి. ఇది శిక్ష కాదని సంఘానికి అదే రోజు చెప్పండి. నిజమని తేలితే సంఘమంతటి ముందు చదివి పదవినుంచి తీసేయండి. అబద్ధమని తేలితే అదీ అదే ఆదివారం, అదే జనం ముందు చదివి, మినిట్స్‌లో రాసి, ఆ కాగితం నకలు ఆయన చేతికివ్వండి.